హోస్టాకి వేపనూనె

నాకు కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం తింటూ మధ్యలో లేస్తాను. ఫోన్లో మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతాను. కుక్కర్ మూడో కూత కోసం ఆగలేక రెండో కూతకే మంట ఆర్పేసి, పప్పు ఉడకలేదని మళ్ళీ పెడతాను. ఇలాంటిదానికి మొక్కలెందుకు చెప్పండి? అందులోనూ హోస్టా. అది ఏడాదిలో నాలుగు నెలలు మట్టిలో ముసుగు తన్ని పడుకుంటుంది. పైన ఒక్క ఆకు కనిపించదు, ఉందో పోయిందో తెలియదు. నా ప్రాణం తియ్యడానికే పుట్టిందేమో అనుకునేదాన్ని.

మొదట్లో ఆ మొక్క నాది కాదు, పక్కింటి పెద్దావిడది. క్లేటన్‌లో మేం అద్దెకుంటున్నది పాతకాలపు ఇటుకల ఇల్లు, ఆవిడదీ అలాంటిదే. మధ్యలో ఛాతీ ఎత్తు చెక్క కంచె. ఆవిడకి ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. కూతురు బెండిగోలో, కారులో రెండు గంటల దూరం. నేను ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తాను. మా ఆయన పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తాడు. అంచేత పగలంతా ఆ వీధిలో మనుషులంటే మేమిద్దరమే.

భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి నడుస్తాడు. దక్షిణపు గోడ కింద ఎప్పుడూ నీడే. ఈ ముక్క ఒంటబట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మా ఊరి లెక్కన మెంతికూర దక్షిణం వైపు చల్లి, పాలిపోయిన పోచలు పీకి పారేశాను. ఆవిడ మాత్రం ఆ నీడనే తోటగా చేసుకుంది. గోడ పొడుగునా ఫెర్న్‌లు, వయొలెట్‌లు, వాటి మధ్య కుండీల్లో హోస్టాలు. కొన్ని అరటాకు దొన్నెలంత ఆకులతో విరగబడి ఉండేవి. వంటింటి మెట్టు పక్కన ఇటుక మీద మాత్రం ఒక చిన్న మట్టికుండీ, అందులో పిడికెడు మొక్క. ఆకు పది రూపాయల బిళ్ళంత. దళసరిగా, గుండ్రంగా, అంచు కొంచెం లోపలికి మడిచినట్టు ఉంటుంది. రంగేమిటో వెంటనే చెప్పలేం. పచ్చ అందామంటే నీలం, నీలం అందామంటే పచ్చ. తోమని రాగిచెంబుకి పట్టే చిలుము ఉంటుందే, ఆ రంగు.

ఆవిడకి చూపు తగ్గుతోంది. కంటి వెనక పొర అరుగుతోందట. నడిమధ్యలో మసక, అంచుల్లో ఫరవాలేదు. అందుకని దేన్నీ తిన్నగా చూడదు, కోడిలా మెడ పక్కకి తిప్పి చూస్తుంది. ఒక ఆదివారం కూతురు వచ్చి, ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని పట్టుబట్టింది. నేను టీ కప్పు పట్టుకుని అక్కడే ఉన్నాను. లేచిపోదామంటే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులోనే. నా బుర్రలో మాత్రం ఆ మాటలు తెలుగులోనే ఉండిపోయాయి.

"ఈ మొక్క నీలం నాకు కనిపించినన్నాళ్ళు నేను ఈ ఇంట్లోనే ఉంటాను. అది కనిపించని రోజు నేనే నీకు ఫోన్ చేస్తాను. నువ్వొచ్చి సామాను సర్దుకో, నోరెత్తను" అంది.

"ప్రామిస్?" అంది కూతురు.

"ప్రామిస్. ఈ అమ్మాయి సాక్షి."

సాక్షినట! నన్నెవరైనా అడిగారా? కానీ ఆ రోజు నుంచి అదొక దినచర్య అయింది. పొద్దున్నే ఆవిడ మెట్టు మీదికి వచ్చి, మెడ తిప్పి కుండీ వంక చూసి, కంచె మీదుగా నాకు వినబడేలా "స్టిల్ బ్లూ, లవ్!" అని కేకేసేది. ఇక్కడి పెద్దవాళ్ళ నోట 'లవ్' అంటే మన 'అమ్మాయ్' లాంటిదే. నేను చేతిలో పళ్ళ బ్రష్‌తోనే చెయ్యి ఊపేదాన్ని. ఒక్కోరోజు ఆ కేక ఆలస్యమైతే నాకు కాలుగాలిన పిల్లిలా ఉండేది. కంచె దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చేదాన్ని.

నవంబరులో ఆవిడకి మోకాలి ఆపరేషన్. ఎప్పటినుంచో వరుసలో ఉన్నది, అప్పటికి పిలుపొచ్చింది. ఆసుపత్రీ, ఆ తర్వాత నడక నేర్పే చోటూ కలిపి నాలుగు వారాలు. వెళ్ళేముందు నన్ను తోటంతా తిప్పింది. "రోజు విడిచి రోజు నీళ్ళు. ఆకుల మీద పొయ్యకు, మట్టిలో పొయ్యి. నత్తలు కనిపిస్తే తీసి అవతల పడెయ్యి. అంతే. ఇంకేమీ చెయ్యకు." ఆ ఆఖరి మాట రెండుసార్లు చెప్పింది. నా సంగతి ఆవిడకి తెలుసు.

ఇంకేమీ చెయ్యకుండా ఉండటం నావల్ల అయ్యే పనా? మొదటివారం బుద్ధిగానే ఉన్నాను. రెండోవారం చిన్న కుండీ ముందు గొంతుక్కూర్చుని ఆకుల్ని మరీ దగ్గరగా చూశాను. ఆకు మీద సన్నగా బూడిద. వేలితో రాస్తే వేలికంటింది, రాసినచోట ఆకు ముదురుపచ్చగా బయటపడింది. మాది మిరపచేల ఊరు. ఆకు మీద తెల్లటి బూడిద కనిపిస్తే ఏమిటో మా ఇంట్లో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు. బూడిద తెగులు! ఒక చెట్టుకి వస్తే వారం తిరక్కుండా చేనంతా ఆకు రాలుస్తుంది. ఆవిడ ఇల్లంతా ఆ పిడికెడు మొక్క మీద నిలబడి ఉంటే, అది నా చేతుల్లో తెగులు పట్టి పోతోందా?

వెంటనే సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో మిరప వేసే బాబాయికి ఫోటో పంపి ఫోన్ చేశాను. ఆయన చేలో ఉన్నాడు.

"ఇదేం మొక్కమ్మాయ్? ఎప్పుడూ చూళ్ళేదే!"

"ఏదో ఒకటిలే బాబాయ్. ఆ బూడిద చూడు."

"చూసేదేముందే, బూడిద తెగులే. గంధకం కొట్టు."

"ఇక్కడ గంధకం కోసం నేనెక్కడికి పోను?"

"అయితే వేపనూనె కొట్టు. ఉత్తి నూనె నీళ్ళలో కలవదు, కుంకుడు రసం పొయ్యి. ఆకు పైనా కిందా తడవాలి. ముందు గుడ్డతో ఆ బూడిదంతా తుడిచెయ్. ఏవిటే, అంత కంగారు? పోతే ఇంకోటి కొనుక్కోలేవూ!"

వేపనూనె ఇండియన్ షాపులో దొరికింది. కుంకుడుకాయలు తలంటుకి ఇంట్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం మీటింగ్ మానేసి మరీ, కుంకుళ్ళు నానబెట్టి, పిసికి, వడకట్టి, నూనె కలిపి, గాజు తలుపులు తుడిచే స్ప్రే సీసాలో పోశాను. మెత్తటి పాత చీరముక్కతో ఒక్కొక్క ఆకు వెనక చెయ్యి ఆనించి, నెలల పిల్లకి స్నానం చేయించినట్టు తుడిచాను. పైనా కిందా కొట్టాను. మూడురోజులాగి మళ్ళీ కొట్టాను. రెండోసారికి ఆకులు ముదురు పచ్చగా, నిగనిగలాడుతూ తయారయ్యాయి. ఎంత పొంగిపోయానో చెప్పలేను. బాబాయికి ఇంకో ఫోటో పంపాను. ఆయన రెండు దణ్ణాల బొమ్మలు పంపాడు.

ఆవిడ వచ్చే ముందురోజు, భోజనం టైములో, ఇంకేమైనా మందు వెయ్యాలేమోనని ఇంటర్నెట్‌లో వెతికాను. అప్పుడు తెలిసింది. అది తెగులూ కాదు, బూడిదా కాదు. నల్లద్రాక్ష మీద ఉండే పొడిలాంటిదే, మైనంపూత. నీలమంటే ఆ పూతే. ఆకు స్వతహాగా పచ్చన, ఆ పూత మీద వెలుగు పడితే నీలంగా కనిపిస్తుంది. చెయ్యి తగిలినా చెరుగుతుంది, నూనె తగిలితే పూర్తిగా పోతుంది. పోతే ఆ ఏడాదికి ఇక రాదు. చలికాలం పడుకుని లేచి, వసంతంలో కొత్త ఆకులు వేసినప్పుడే. అంటే సెప్టెంబరు. నేను చదువుతున్నది డిసెంబరులో.

కంచం తోసేసి పెరట్లోకి వెళ్ళాను. అక్కణ్ణించి లోపలికి, మళ్ళీ పెరట్లోకి. నర్సరీల్లో అలాంటిదే ఇంకోటి కొని కుండీలో పెట్టేద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే కారేసుకుని తిరిగాను. రెండుచోట్ల హోస్టాలే లేవు, మూడోచోట పెద్దాకులవి ఉన్నాయి. నాలుగోచోట కుర్రాడొకడు "ఇప్పుడా? వచ్చే స్ప్రింగ్ ట్రై చెయ్యండి" అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది.

మర్నాడు కూతురు ఆవిణ్ణి తీసుకొచ్చింది. వాకర్ పట్టుకుని నెమ్మదిగా దిగి, లోపలికి పోకుండా నేరుగా మెట్టు దగ్గరికే వచ్చింది. నేను కంచెకి ఇవతల నిలబడ్డాను. ఆవిడ మెడ పక్కకి తిప్పింది. చాలాసేపు చూసింది. కిందికి వంగి ఒక ఆకు ముట్టుకుంది కూడా. తర్వాత వాకర్ మీద రెండు చేతులూ పెట్టి, కూతురితో అంది: "సరే. నీలం పోయింది."

కూతురు ఏడ్చింది. ఆవిడ ఏడవలేదు. నేను అప్పుడే, ఆ నిమిషంలోనే, "అయ్యో, మీ కళ్ళు బాగానే ఉన్నాయి, దాన్ని కడిగేసింది నేను" అనాలి. నోట్లో మాట ఉంది. కూతురు తల్లి భుజం చుట్టూ చెయ్యేసి లోపలికి తీసుకుపోయింది. తలుపు పడింది. నేను మాట మింగేశాను. ఎందుకంటే ఏం చెప్పను? సిగ్గు. ఇరవయ్యేళ్ళు చేలగట్ల మీద పెరిగినదాన్నని నా మొక్కల పరిజ్ఞానం గురించి ఆవిడ దగ్గర తెగ కోతలు కోసేదాన్ని మరి.

అక్కణ్ణించి నా బతుకు చూడాలి. రేపు చెప్తానని లేచేదాన్ని. టీకి వెళ్ళేదాన్ని. ఎదురుగా కూర్చునేదాన్ని. "మీకొకటి చెప్పాలి" అనేదాన్ని. ఆవిడ మెడ తిప్పి "చెప్పు లవ్" అనేది. నేను వానల గురించో, మా మేనేజర్ గురించో చెప్పి లేచొచ్చేదాన్ని. సంక్రాంతి పిండివంటలు పట్టుకెళ్ళాను, చెప్పలేదు. ఫిబ్రవరిలో ఇల్లు అమ్మకానికని బోర్డు పాతారు. ఆ బోర్డు నా టేబుల్ ముందు కిటికీలోంచి తిన్నగా కనిపించేది. పని చేస్తే తప్పులు. టేబుల్ అవతలి గదిలోకి మార్చాను. అక్కడా కూర్చోలేకపోయాను.

మా ఆయనది కరీంనగర్. చూసి చూసి ఒకరోజు గయ్యిమన్నాడు. "ఎన్ని దినాలు గిట్ల తిరుగుతవే ఇంట్ల? పోయి చెప్పరాదు! ఆమె నిన్ను కొడ్తదా, కోస్తదా?"

"నువ్వు చెప్పొచ్చుగా పోనీ!"

"కడిగింది నేనా?"

పెద్ద సమాధానం! రెండురోజులు మాట్లాడలేదు నేను. కానీ ఆయనన్నది నిజమని నాకు తెలుసు. అదే మంట.

మార్చి ఆఖర్లో ఇల్లు కొనేవాళ్ళు ఖాయమయ్యారు. సంతకాలు శుక్రవారం అన్నారు. బుధవారం మధ్యాహ్నం ఆవిడే కంచె మీద కర్రతో కొట్టి పిలిచింది. "బ్రెడ్ కోసే కత్తి ఉందా? పట్టుకురా. చిన్నదాన్ని రెండు ముక్కలు చేద్దాం. ఒకటి నీకు."

హోస్టాని పంచడమంటే కుండీలోంచి తీసి, మట్టి దులిపి, మొలకలున్నచోటు చూసుకుని, మధ్యలో రంపంపళ్ళున్న కత్తితో కొయ్యడమే. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ మెట్టు మీద కుర్చీ వేసుకుని చెప్తోంది. ఆకులు అప్పటికే పసుపురంగుకి తిరిగాయి. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కత్తి దించేసరికి కరకరమంది. ఆ చప్పుడుకి నాలో ఏదో తెగింది.

"కొయ్యను" అన్నాను. "మీరు వెళ్ళక్కర్లేదు. మీ కళ్ళకేం కాలేదు. నీలం పోలేదు, నేనే కడిగేశాను. తెగులనుకున్నాను. వేపనూనె కొట్టాను, గుడ్డ పెట్టి తుడిచాను. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. శుక్రవారం సంతకం పెట్టకండి. మీ అమ్మాయికి నేను చెప్తాను, తిడితే పడతాను."

ఒక్క గుక్కలో అనేసి ఏడ్చేశాను. చేతులనిండా మట్టి, ముక్కు ఎగబీల్చడం తప్ప తుడుచుకునే దారి లేదు.

ఆవిడ "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ముప్పై ఏళ్ళుగా హోస్టాలు పెంచుతున్నాను లవ్. పూత ఉన్న ఆకుకీ తుడిచిన ఆకుకీ తేడా వేలికి తెలియదూ? పైగా ఆ నూనె కంపు మెట్టెక్కకముందే తగిలింది. నేను రోజూ టీ తాగే కప్పు ఏ రంగు?"

నీలం. ముదురు నీలం. మూడునెలలుగా దాన్ని చూస్తూ ఆవిడ ఎదురుగా కూర్చుని టీ తాగాను, ఆ నీలం ఆవిడకి రోజూ కనిపిస్తూనే ఉందని నా మట్టిబుర్రకి తట్టలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "తెలిసీ ఊరుకున్నారా? మూడు నెలలు! తిండి లేదు నాకు, పనిలేదు, మొగుడితో మాటల్లేవు, ఇల్లంతా పిచ్చిదానిలా తిరిగాను. మీకు సరదాగా ఉందా?" ఇంగ్లీషులో మొదలుపెట్టాను, ఎక్కడో తెలుగులోకి పడిపోయాను. ఆవిడకి అర్థమైనట్టే ఉంది.

"సరదా కాదు. నువ్వు ఏ రోజుకారోజు చెప్తావనే అనుకున్నాను. చెప్తే, కూతురితో నేను వేరే మాట చెప్పాలి. అందుకని నువ్వు చెప్పకపోతే బాగుండుననీ అనుకున్నాను."

"వేరే మాటేమిటి?"

ఆవిడ మెడ తిప్పి నా వంక చూసింది. ఆపరేషన్‌కి ముందు, అక్టోబరులో, స్నానాలగదిలో పడిపోయిందట. తొట్టికీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది. ఫోన్ వంటింట్లో ఉంది. పొద్దున పదింటికి పడితే, తువ్వాలు అందుకుని, కుళాయి పట్టుకుని, లేచేసరికి రెండు దాటింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ గదిలోకి అడుగు పెట్టాలంటే భయం, అసలు ఇంట్లో ఉండాలంటేనే భయం.

"పడ్డానంటే మా అమ్మాయి ఆ పూటే వచ్చి తీసుకుపోతుంది. ఇక జీవితాంతం నన్ను గాజుసామానులా చూస్తుంది. భయమేస్తోందని చెప్పడం నాకు రాదు. అదే నీలం పోయిందంటే, నా మాట మీద నేను నిలబడి వెళ్తున్నట్టు. ఆసుపత్రి నుంచి వచ్చి చూస్తే నువ్వు దాన్ని నా చేతికి అందించావు. తీసుకున్నాను."

నా కోపం అప్పటికీ దిగలేదు. "అంతసేపు పడి ఉంటే నన్ను పిలవచ్చుగా! నేను పగలంతా ఇంట్లోనే చస్తున్నానుగా! మీ స్నానాలగది కిటికీ మా వైపేగా, పట్టుమని పది అడుగుల దూరం లేదు!"

"పిలిచాను" అంది.

ఆవిడ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "రెండుసార్లు పిలిచాను. మొదటిసారి నువ్వు ఫోన్లో నవ్వుతున్నావు. నీ నవ్వు బాగా వినిపించింది. రెండోసారి గట్టిగా పిలిచాను. నువ్వు కిటికీ దగ్గరికి వచ్చావు. అమ్మయ్య, వచ్చింది అనుకున్నాను. కిటికీ వేసేశావు."

కత్తి మొక్క వేళ్ళ మధ్యే దిగి ఉంది. ఆవిడ "కొయ్యి, వేళ్ళు ఎండిపోతాయి" అంది. కోశాను. రెండు ముక్కలయింది. నాకు గుర్తొచ్చింది. ఏదో కాకటూ చిలక అరుస్తోందనుకుని, ఫోన్లో మాట వినబడటం లేదని, ఆ కిటికీ నేనే వేశాను.